బల్లల సర్వేలో ఓబుళమ్మ

1954 నవంబరులో నన్ను కడపలో మలేరియా విభాగంలో ఫీల్డ్ అసిస్టెంటుగా వేశారు. మా పైన మలేరియా ఇన్‌స్పెక్టరు, ఆయన పైన మెడికల్ ఆఫీసరు. నేను బడిలో చదివింది ఎనిమిదో తరగతి వరకే. శాతాలు, సగటులు పాత పుస్తకాలు ముందేసుకుని సొంతంగా నేర్చుకున్నాను. అందుచేత విభాగంలో భాగహారమున్న పని ఏది వచ్చినా నా దగ్గరికే చేరేది.

కర్నూలు–కడప కాలువ కింది పల్లెల్లో అప్పట్లో చలిజ్వరం లేని ఇల్లు ఉండేది కాదు. చుట్టూ మెట్ట నేల ఎండి బీటలు వారినా, కాలువ పక్క వరిమడుల్లో నీళ్లు నిలిచేవి. దోమలు అక్కడ పుట్టేవి. డి.డి.టి. ముందు ఏ ఊళ్లో కొట్టాలో తేల్చడానికి మేము ప్లీహం సర్వే చేసేవాళ్లం. జ్వరం పదేపదే వచ్చిన పిల్లలకు ఎడమ డొక్కలో ప్లీహం ఉబ్బుతుంది. జనం దాన్నే బల్ల అంటారు. రెండేళ్ల నుంచి పదేళ్ల లోపు పిల్లలను వరసలో నిలబెడితే, ఆఫీసరుగారు పక్కటెముకల కింద వేళ్లు ఆనించి ఊపిరి గట్టిగా తీయమనేవారు. ఏమీ తగలకపోతే సున్న. తగిలితే, ఎంత కిందికి దిగిందో చూసి ఒకటి నుంచి ఐదు వరకు ఒక అంకె. ఆయన చెప్పేవారు, నేను రాసుకునేవాణ్ణి. బల్ల ఉన్నవాళ్లకు జ్వరం మాత్రలు ఇచ్చేవాళ్లం. నూటికి ఎంతమందికి బల్ల ఉందో అదే ఆ ఊరి ప్లీహం రేటు. పెద్దవాళ్లను లెక్కలోకి తీసుకోము. ఏళ్ల తరబడి జ్వరాలు పడినవాళ్లలో ప్లీహం మళ్లీ చిన్నదై లెక్కను తప్పుదారి పట్టిస్తుంది.

నేను చేరిన నెలలోనే ఒక రోజు వెళ్లిన ఊళ్లో బడి వసారాలో వరస పెట్టించాము. అరుగు మీద కూర్చున్న ఒక రైతు నన్ను చూసి, "ఏమప్పా, కడుపులు లెక్క రాస్తాండావు, వాటిల్లో సంగటి ఎంతుండాదో అది కూడా రాసుకో" అన్నాడు. అందరూ నవ్వారు. ఆఫీసరుగారు కూడా నవ్వారు. ఆయన అప్పటికి ముప్పయ్యేళ్ల మనిషి, మద్రాసులో చదివి వచ్చారు.

పిల్లల వయసు ఎవరూ సరిగా చెప్పలేరు కనుక మేము ఎత్తు చూసి వరసలో నిలబెట్టేవాళ్లం. అలా నిలబడినవాళ్లలో చంకలో రెండేళ్ల చంటిదాన్ని ఎత్తుకున్న ఒక పిల్ల ఉంది. పక్కనున్న పిల్లలకన్నా బెత్తెడు పొడవు, అంతే. చంటిదాన్ని చూసి ఆఫీసరుగారు "మూడు" అన్నారు. వెనక నుంచి ఒక ఆడమనిషి ఆ ఎత్తుకున్న పిల్లనే ముందుకు నెట్టి, "దీన్ని చూడు సామీ, దీనికి శానా పెద్ద బల్ల ఉండాది. వాతలు ఏసినా దిగలేదు" అంది.

బల్లకు ఇనప కడ్డీ కాల్చి పొట్ట మీద వాతలు పెట్టడం ఆ ప్రాంతంలో మామూలే. అలాంటివి చాలా చూశాను. ఈ పిల్లకు మూడు ఉన్నాయి, ఇంకా మానలేదు. ఆఫీసరుగారు ఎడమ డొక్కలో వేళ్లు ఆనించారు. తరువాత అరచేయి కిందికి జరిపి అక్కడే ఉంచేశారు. నేను పెన్సిలు పట్టుకుని అంకె కోసం చూస్తున్నాను. ఆయన అంకె చెప్పలేదు.

ఆ పిల్ల మాత్రం మందు దొరుకుతుందన్న ఆశతో తనే చెప్పింది. "కదుల్తాది సామీ. పండుకుంటే తంతాది."

వరసలో పిల్లలు కిలకిలా నవ్వారు. ఆఫీసరుగారు స్టెతస్కోపు తీసుకుని, ఆ పిల్లను, ఆ ఆడమనిషిని బడి గదిలోకి తీసుకువెళ్లారు. నన్ను వాకిట్లో ఉండమన్నారు. తలుపు దగ్గరగా వేశారు కాని మాటలు వినిపించాయి. పిల్ల పేరు ఓబుళమ్మ. వృష సంవత్సరం వైశాఖంలో పుట్టింది. లెక్క కడితే పదమూడున్నర. వెంట వచ్చినామె మేనత్త, అత్త కూడా ఆమే; చంటిది ఆమె బిడ్డ. ఓబుళమ్మ తల్లి జ్వరంతో పోతే, ఆడపిల్లను చూసుకునే దిక్కులేక తండ్రి ఆమెను చెల్లెలి కొడుక్కిచ్చి పెళ్లి చేసి పదో ఏటనే ఇక్కడికి పంపేశాడు. సమర్త అయ్యాక, అంటే పిల్ల పెద్దమనిషి అయ్యాక, మంచిరోజు చూసి కాపురం మొదలుపెట్టాలనేది మాట. కాని అందరూ పడుకునేది ఒక్క ఇంట్లోనే. కొడుక్కి పందొమ్మిదేళ్లు.

ఎనిమిదో నెల అని ఆఫీసరుగారు చెప్పినప్పుడు అత్త ముందు కోప్పడింది. "ఏం మాట సామీ అది. సమర్తే కాలేదు, కడుపెట్లొస్తాది?"

మొదటి ముట్టుకు ముందే గర్భం నిలవవచ్చని ఆయన వివరించారు. నాకు అంతవరకూ ఆ సంగతి తెలియదు. ఆ ఊళ్లో మంత్రసానికి కూడా తెలియదు. ఇంటిల్లిపాదీ, ఇరుగుపొరుగు అందరూ సమర్త నుంచి లెక్క మొదలుపెట్టేవాళ్లే. ఆ లెక్క మొదలే కాలేదు కాబట్టి వాళ్లకు ఆమె చిన్నపిల్ల. చిన్నపిల్లకు పొట్ట పెరిగితే బల్ల.

ఆఫీసరుగారు మరో మాట చెప్పారు. ఈ పిల్ల తుంటి ఎముకలు ఇంకా ఎదగలేదు, బిడ్డ దారిలో పట్టదు, ఇంటి దగ్గర నొప్పులు వస్తే ఇద్దరూ పోవచ్చు. జీపు ఆ సాయంత్రమే కడపకు తిరిగి పోతుంది, ఆస్పత్రిలో తానే చేర్పిస్తానన్నారు. అత్త చాలాసేపు ఏడ్చింది. వాతలు వేసింది తన చేత్తోనే. ఏడుపు ఆగాక ఆమె చెప్పిన జవాబు ఇప్పటికీ నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది.

"సమర్త కాకనే కడుపంటే మా వాళ్లు మా ఇంట్లో నీళ్లు ముట్టరు సామీ. ముందు సమర్త అయినట్టు మూలన కూర్చోబెట్టి, తొమ్మిదో దినం నీళ్లు పోసి, నలుగురికీ అన్నం పెడతాను. ఆ మర్నాడే బండి కట్టుకోని వస్తాం."

ఆయన బతిమాలారు, కోప్పడ్డారు, ఊరి మునసబును పిలిపించారు. మునసబు చిన్నవయసు పెళ్లి కేసు అవుతుందేమోనని భయపడి, ఆమె అన్నదే నయమన్నాడు. బలవంతాన తీసుకుపోయే అధికారం మలేరియా విభాగానికి లేదు. ఓబుళమ్మ ఈ మాటలన్నీ వింటూ చంటిదాన్ని ఊపుతూనే ఉంది. మేము బయలుదేరేటప్పుడు నా దగ్గరికి వచ్చి, "నాకు మాత్తర్లు ఇయ్యలేదే అప్పా" అని అడిగింది.

ఆమెకు పదేళ్లు దాటాయని తేలింది కనుక సర్వే నుంచి ఆమెను తీసేశాము. రేటు సరిగానే వచ్చింది. ఎక్కువ ఉన్న ఊరు కాబట్టి డిసెంబరులో మందు కొట్టడానికి అదే ఊరికి ముందు వెళ్లాము.

అప్పుడు తెలిసింది. సమర్తకు కూర్చోబెట్టారు. బంధువులు వచ్చి చూసి, రవిక గుడ్డలు పెట్టారు. తొమ్మిదో రోజు నీళ్లు పోయకముందే నొప్పులు మొదలయ్యాయి. మంత్రసాని రెండు రోజులు ప్రయత్నించింది. తరువాత బండి కట్టారు. కడప ఆస్పత్రిలో చచ్చిన బిడ్డను తీసి పిల్లను బతికించారు. కాని బిడ్డ తల రోజుల తరబడి అదిమిపెట్టినందువల్ల మూత్రసంచికి చిల్లు పడింది. మూత్రం ఆగకుండా కారుతూనే ఉంటుంది. వాసనకు ఇంట్లో ఎవరూ పడుకోలేక ఆమె పడకను గొడ్ల కొట్టంలోకి మార్చారు. అత్త కూడా అక్కడే పడుకుంటోంది. కొడుక్కి వేరే సంబంధం చూస్తున్నారు.

డి.డి.టి. పంపు పట్టుకున్న మనిషి కొట్టం గోడలకు కూడా కొట్టాలని ఓబుళమ్మను కాసేపు బయట కూర్చోమన్నాడు. ఆమె బయటికి వచ్చి అందరికీ దూరంగా, గాలి తన మీదుగా మనుషుల వైపు వీచకుండా చూసుకుని కూర్చుంది. ఎటు కూర్చుంటే వాసన మనుషుల మీదికి పోదో ఆమె అప్పటికే నేర్చుకుంది. ఆ చిల్లును కుట్టే డాక్టర్లు మద్రాసులో ఉన్నారని ఆఫీసరుగారు చీటీ రాసిచ్చారు. కోతలయ్యాక పోతామన్నారు. పోయారో లేదో నాకు తెలియదు. ఆ వేసవిలో నన్ను నంద్యాల వైపు బదిలీ చేశారు.

ఈ సంగతి నుంచి నేను నేర్చుకున్నది పనికి సంబంధించినది. పొట్ట పెరిగిన ఆడపిల్ల వరసలోకి వస్తే, అంకె కన్నా ముందు ఆ పిల్ల ఉండేది పుట్టింట్లోనా, అత్తింట్లోనా అని అడగాలి. తరువాత ఏ ఆఫీసరు కింద పనిచేసినా ఈ ప్రశ్న నేనే అడిగేవాణ్ణి. దాని వల్ల నా సర్వీసులో బల్ల కాదు కడుపని తేలిన పిల్లలు ఇంకా ఇద్దరు దొరికారు. ఒకరిని అదే రోజు జీపులో ఎక్కించాము. రెండో పిల్ల ఇంటివాళ్లు, సమర్త చేసి పంపుతామన్నారు.