ఆరిన నిప్పు మీద అనుమానం

ఆ మేస్త్రికి ఇనుము కోయడం ఎంత బాగా వచ్చో, నిప్పు ఆరిందంటే నమ్మడం అంత రాదు. రవ్వ ఒక్కటి ఎగిరిందంటే చాలు, అది ఏ మూలో నక్కి ఇల్లు తగలబెట్టే పన్నాగంలో ఉందంటాడు. అందుకే అందరూ ఆయన్ని అనుమానాల మేస్త్రి అంటారు.

లైబ్రేరియన్ గారింటికి ఆయన వచ్చింది హాల్లో అడ్డంగా ఉన్న ఇనుప దూలం కోయడానికి. ఆవిడా, ఆవిడ అక్కా ఇద్దరే బతికిన ఇల్లది. దూలం మీద చెక్క అటక వేయించుకుని అక్క అక్కడే పడుకునేది, అక్కణ్ణుంచే చెల్లెల్ని కేకలేసేది. అక్క పోయింది. చెక్కలు వడ్రంగులు విప్పుకెళ్ళారు. ఉత్త దూలం మిగిలింది. తలెత్తితే అదే కనబడుతోంది, కేక మాత్రం లేదు. అదీ పోతే గుండె కాస్త తేలికపడుతుందని ఆవిడ ఆశ.

“ఇదిప్పుడు దేన్నీ మోయట్లేదు మేస్త్రిగారూ. చకచకా కోసేయండి.”

“మోయట్లేదని అది మీతో చెప్పిందా అక్కగారూ?”

చెప్పలేదని ఆవిడ ఒప్పుకుంది. ఆయన గోడలో దూలం దిగిన చోటు తడిమి, సుత్తితో తట్టి, చెవి ఆనించి విన్నాడు. కింద జాకీలు నిలబెట్టాడు, గొలుసు కట్టాడు, కర్టెన్లు పీకాడు, తడి గోనెలు పరిచాడు. చివరికి గోడ మీది క్యాలెండరు కూడా బయటికి నడిచింది. అప్పుడు ఆవిడకి కళ్ళద్దాలు పెట్టి, చేతికి నీళ్ళ బకెట్టు ఇచ్చాడు.

“నేనెందుకండీ?”

“కోసేవాడు కోతే చూస్తాడు. రవ్వ ఎటు పడిందో ఇంకో మనిషి చూడాలి. ఒక్కళ్ళే ఉండి చేసే పని కాదిది.”

జానెడు ముక్క కోసి మిషను ఆపాడు. గోడకి చేరగిలబడి ముక్కు పైకెత్తి వాసన చూడసాగాడు.

“అయిపోయిందా?”

“కోత అయింది. కాపలా మొదలైంది.”

“ఎంతసేపు?”

“అనుమానం తీరేదాకా.”

పొద్దుగూకినా తీరలేదు. మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. రోజుకో ముక్క. “ఈ లెక్కన దూలం కంటే ముందు నేనే పోతాను” అని ఆవిడ సణిగింది. ఊరికే కూర్చోలేక టీ పెట్టింది, టీ తాగుతూ అక్క సంగతులు ఎత్తుకుంది. అక్క కోపం, అక్క గురక, అలిగి రెండు రోజులు అటక దిగకపోవడం. ఆయన గాలి పీలుస్తూనే అడిగేవాడు: “అప్పుడు పెద్దక్కగారేమన్నారు?”

ఆఖరి ముక్క రోజున, మేస్త్రిని కాపలాకి వదిలి, ఆవిడ పక్కింటి టైలరు దగ్గరకెళ్ళి మొరపెట్టుకుంది.

“మా షాపు షట్టరు కోసిందీ ఆయనే” అన్నాడు టైలరు. “ఇన్ని గుడ్డలున్నాయి కదా, రెప్ప వేయకుండా గంటసేపు కాపలా కాసి వెళ్ళాడు.”

“గంటేనా?”

“గంటే. మీ హాల్లో కాలడానికి ఏముందండీ?”

ఏమీ లేదు. గచ్చు, గోడలు, బకెట్టు. ఆయన గుమ్మం దాటగానే ఒంటరిదైపోయే మనిషి ఒకత్తె. ఆవిడకి ఏడుపూ నవ్వూ కలిసే వచ్చాయి.

ఇంటికొచ్చేసరికి మేస్త్రి సంచీ సర్దుతున్నాడు. “అయిపోయింది అక్కగారూ. కమురు వాసన కూడా లేదు. వెళ్ళొస్తాను.”

హాలు విశాలంగా, ఖాళీగా ఉంది. ముందున్న సాయంత్రాన్ని తలుచుకుంటే ఆవిడకి భయమేసింది. ముక్కు పైకెత్తి గట్టిగా గాలి పీల్చింది.

“కూర్చోండి మేస్త్రిగారూ. ఎందుకో ఆ మూల నాకే అనుమానంగా ఉంది.”

మేస్త్రి ఆ మూలకేసి చూశాడు, ఆవిడకేసి చూశాడు. సంచీ కింద పెట్టాడు.

“మీరన్నాక నాకూ వస్తోందండీ వాసన” అంటూ చతికిలబడ్డాడు.