ఫ్యూజులు కొంగున కట్టుకున్న దేవమ్మ

సీతాఫల్‌మండిలో, మా గల్లీలో ఒక మాట తిరుగుతోంది. మోటార్లు బిగించే పర్వతాలు ఏ పొలానికి పోయినా భార్య దేవమ్మ మోపెడ్ వెనక కూర్చుని వెంట పోతుంది కదా, అది మొగుడి మీద అనుమానంతోనట. అక్కడెవరో ఆడమనిషి ఉందట. ఆ మాట తప్పు. నేను కళ్ళారా చూసి వచ్చాను.

అసలు దేవమ్మ ఇంట్లో బల్బు వేయాలన్నా చెక్క తెడ్డుతో స్విచ్చి నొక్కుతుంది. అలాంటి మనిషికి కరెంటు పని దగ్గర ఏం పని? ఉండబట్టలేక, తాజా వంకాయల వంక పెట్టి ఒకరోజు పర్వతాలు పైపులు మోసుకుపోయే ట్రాలీ ఆటో ఎక్కాను. తిరుమలగిరి దాటి చాలా దూరం పోయాక రామభద్రరావు గారి కొత్త తోట. బోరు నుంచి మామిడి మొక్కల దాకా పైపులైను వేసి, మోటారుకు కరెంటు ఇవ్వాలి.

పర్వతాలు ముందుగా ట్రాన్స్‌ఫార్మర్ కింది డబ్బాలోంచి ఫ్యూజులు పీకి భార్య చేతిలో పెట్టాడు. ఆమె వాటిని కొంగున ముడేసుకుని డబ్బా ముందే కూర్చుంది. అతను జొన్నచేను అవతల బోరు దగ్గరికి పోయాడు. ఇక మనిషి కనబడడు. గొంతే వినబడాలి.

"ఓ దేవమ్మా!"

"ఆఁ, ఉన్న!"

కాసేపటికి మళ్ళీ అదే పిలుపు.

"కొత్త పెండ్లికొడుకా ఏందే, ఊకె పిలుస్తుండు?" అన్నాను. ఆమె చెవి చేను వైపే పెట్టింది.

అంతలో పక్క పొలం భద్రయ్య వచ్చాడు. అతని మోటారుకూ అదే ట్రాన్స్‌ఫార్మర్.

"ఏందమ్మా, ఫ్యూజులను జోకొడుతున్నవా? మా వంతు కరెంటొచ్చింది. మడి ఎండుతుంది, ఇటియ్యి."

"జెర ఆగు బాపూ. మా ఆయన చేతులు తీగల మీదున్నయి."

"నువ్వియ్యకుంటే ఆగుతదా? ఫ్యూజు జాగల తీగముక్క సుట్టుకుంట," అంటూ తీగ కోసం తన కొట్టం వైపు నడిచాడు.

దేవమ్మ లేచి డబ్బాకు వీపు ఆనించి నిలబడింది. అప్పుడు తట్టింది నాకు, చాలాసేపటిగా పిలుపు రాలేదని.

"ఏమయ్యో! వినబడుతుందా?" ఆమె కేక వేసింది. జవాబు లేదు. బోరు మీదుగా పెద్ద లైను పోతోంది. ఫ్యూజులు పీకినా అందులో కరెంటు ఉంటుంది, ఇనుప పైపు ఎత్తితే దానికి తగలొచ్చు. పోయి చూద్దామంటే భద్రయ్య తీగతో తిరిగి వస్తున్నాడు. ఆమె కదిలితే అతను చుట్టేస్తాడు.

"పెద్దమ్మా, నువ్వురుకు! మనిషి పడి ఉంటే ముట్టకు. దూరంకెళ్ళే సూడు."

గట్టు మీద చెప్పు జారితే వదిలేసి పరుగెత్తాను. కందకంలో పర్వతాలు బోర్లా పడి ఉన్నాడు. అక్కడే చతికిలబడ్డాను.

అతను తల తిప్పాడు. పళ్ళ మధ్య టేపు ముక్క, రెండు చేతుల్లో తీగల అతుకు.

"నీ నోట్ల మన్నుబడ! ఆ పిల్ల ఆడ సస్తుందిరా, కేకెయ్యి!"

టేపు ఉమ్మేసి కేకేశాడు. అవతల నుంచి "ఉన్న" అన్న మాట వచ్చింది.

నేను తిరిగి వచ్చేసరికి భద్రయ్య తీగ పక్కన పడేసి, తల వంచుకుని కూర్చున్నాడు. దేవమ్మ ఇంకా కొంగుముడిని పిడికిట్లోనే పట్టుకుని ఉంది.

మధ్యాహ్నం సద్ది విప్పాక ఇక ఆగలేక అడిగేశాను. "గల్లీల అందరూ అంటున్నరే, నీ మొగణ్ణి కాపలా కాస్తున్నవంట. నిజమేనా?"

దేవమ్మ చేతిలోని ముద్ద మళ్ళీ గిన్నెలో పెట్టింది.

"కాస్తున్న పెద్దమ్మా. ఆడదాని దగ్గరికి పోతే జుట్టు పట్టి గుంజుకొస్త. కరెంటు దగ్గరికి పోతే ఎట్ల గుంజుకరావాలె? ముట్టనీకి సుత ఉండదు గద."