మంజుల గుండె రెండు వందలు దాటిన రోజు

అది 2022 వానాకాలం. నార్కట్‌పల్లిలో హైవేకు కొంచెం లోపలగా, ఒక కాలేజీ వెనుక మైదానంలో, పోలీసు ఉద్యోగాలకు తయారయ్యేవాళ్లకు పరుగు నేర్పే సెంటర్ నడిచేది. నేను అందులో చేరింది మైదానం ఊడ్చడానికి, కుండల్లో నీళ్లు నింపడానికి, సున్నంతో గీతలు వేయడానికి. ఆ ఏడాదికి మాత్రం నా పని వేరు. ఆడపిల్లల గుండె లెక్క రాసేది నేనే.

ఈ పని నాకెలా వచ్చిందో చెప్పాలి. మా శేఖర్ సార్ హైదరాబాదు నుంచి నాలుగు చెస్ట్ స్ట్రాప్‌లు తెచ్చారు. చెస్ట్ స్ట్రాప్ అంటే ఛాతీ కింద చుట్టూ కట్టుకునే సాగే పట్టీ. దాని మధ్యలో చిన్న బిళ్ల లాంటి మిషన్ ఉంటుంది. గుండె నిమిషానికి ఎన్నిసార్లు కొట్టుకుంటుందో అది ఫోన్‌కు పంపిస్తుంది. దీన్నే హార్ట్ రేట్ అంటారు. పట్టీ లోపలి వైపు కొంచెం తడిపి, బట్ట మీద కాకుండా ఒంటికి ఆనించి కట్టాలి. అబ్బాయిలకు సారే కట్టేవారు. ఆడపిల్లల వంతు వచ్చేసరికి పట్టీ చేతిలో పట్టుకుని అటూ ఇటూ చూసి నన్ను పిలిచారు.

"అంజమ్మక్కా, నీకు రాసుడొస్తదా?"

"అంకెలు మంచిగొస్తయి సార్. అచ్చరాలే జర నిమ్మళంగ రాస్త."

నేను మా ఊరి సాయంత్రం బడిలో పలక పట్టింది నలభై ఒకటో ఏట. అక్షరాల కంటే ముందు అంకెలు దొరికాయి నాకు. సార్ నాకు రిజిస్టర్ ఇచ్చి, ఏ అంకె ఏం చెబుతుందో ఓపికగా నేర్పారు. పొద్దున నిద్ర లేవగానే పడుకునే లెక్కపెట్టుకుంటే వచ్చేది రెస్టింగ్ హార్ట్ రేట్. ఒంట్లో అలసట మిగిలి ఉంటే అది మామూలు కంటే పెరుగుతుంది, ఆ రోజు గట్టి పరుగు పెట్టించకూడదు. పరుగు ఆపిన నిమిషానికి లెక్క ఎంత దిగిందో చూస్తే అది రికవరీ. ఎంత తొందరగా దిగితే మనిషి అంత గట్టిపడినట్టు. ఇక గుండె ఎంతవరకు పోగలదో ఉజ్జాయింపుగా తెలియాలంటే రెండు వందల ఇరవైలోంచి వయసు తీసేయాలి. అందరికీ అచ్చంగా సరిపోదు కానీ ఒక అంచనా దొరుకుతుంది.

మంజుల వచ్చింది అప్పుడే. నార్కట్‌పల్లి పక్క ఊరి కోడలు. ఇరవై ఎనిమిదేళ్లు, ఇద్దరు పిల్లలు, భర్త ఆటో నడుపుతాడు. ముందొకసారి రాతపరీక్షలోనే పోయింది. ఈసారి మొదటి రాతపరీక్ష దాటింది. ఇక పరుగు పరీక్ష ఉంది. ఎనిమిది వందల మీటర్లు, ఐదు నిమిషాల ఇరవై సెకన్లలో. వయసు లెక్క ప్రకారం ఆమెకు ఇదే ఆఖరు నోటిఫికేషన్. వచ్చిన రోజే నాతో అన్నది, "పెద్దమ్మా, ఇది పోతే నాకు మల్ల అడిగే మొకం లేదు. మా అత్తమ్మ ఇప్పటికే పిల్లలను సూసుకుంట అలిసిపోయింది."

పట్టీ కట్టి పరుగు పెట్టించాం. నిలబడ్డప్పుడు ఫోన్‌లో ఎనభై రెండు. రెండు వందల మీటర్లు పోయేసరికి నూట డెబ్బై. మూల తిరగగానే రెండు వందల పది, రెండు వందల ఇరవై ఆరు. ఆమె వయసుకు అంచనా నూట తొంభై రెండే. సార్ ముఖం పాలిపోయింది. విజిల్ మీద విజిల్ ఊదారు. మంజుల ఆగి, నడుం మీద చేతులు పెట్టుకుని, ఏమైందని మమ్మల్ని అడిగింది. ఆయాసపడుతోంది గానీ మాట తడబడడం లేదు.

పరుగు పిల్లలకు సార్ చూపించినట్టే నేను ఆమె మెడ పక్కన రెండు వేళ్లు మెల్లగా ఆనించి, పదిహేను సెకన్లు లెక్కపెట్టాను. నలభై రెండు. నాలుగుతో గుణిస్తే నూట అరవై ఎనిమిది.

"సార్, నా వేళ్లకు నూట అరవై ఎనిమిదే వస్తాంది."

"ఫోన్ల రెండు వందల ఇరవై ఆరు చూపిస్తాంది కదక్కా. నీ లెక్క తప్పినట్టుంది."

నేను తల వంచాను. మిషన్ తప్పు చెబుతుందా, నిన్నగాక మొన్న ఎక్కాలు నేర్చుకున్న నేను తప్పు చెబుతానా? నాలుగో ఎక్కం లోపల రెండుసార్లు చదువుకున్నాను. తప్పు దొరకలేదు. అయినా రిజిస్టర్‌లో ఫోన్ అంకెనే రాశాను.

సార్ చేసింది సరైన పనే. మంజులను పరుగు ఆపించి నల్లగొండలో డాక్టర్ దగ్గరికి పంపారు. డాక్టర్ ఈసీజీ తీశారు, వేరే పరీక్షలూ చేశారు, నొప్పి వస్తుందా, కళ్లు తిరుగుతాయా అని అడిగారు. గుండెలో లోపం లేదు, పరిగెత్తవచ్చు అని కాగితం మీద రాశారు. మిషన్ సంగతి మాత్రం మీ సార్‌నే అడగండి అన్నారట. కానీ ఊరికి ఆ కాగితం చేరేలోపు రెండు వందల ఇరవై ఆరు చేరింది. వారం గడిచినా మంజుల మైదానానికి రాలేదు.

ఎనిమిదో రోజు పట్టీ, ఫోన్ సంచిలో పెట్టుకుని నేనే వాళ్ల ఊరికి పోయాను. మంజుల అత్త సత్తెమ్మ వాకిట్లో కందులు చెరుగుతోంది. నా వయసే ఉంటుంది. నన్ను చూసి చాట ఆపలేదు.

"రా వదినె, కూసో. నా కోడలును తీస్కపోను వచ్చినవా? అది రాదు."

"ఎందుకు రాదు? డాక్టర్ మంచిగున్నదని రాసిచ్చిండు కదా."

"డాక్టర్ కూసోబెట్టి సూసిండు. ఉరికిస్తె ఎట్లుంటదో ఆయనకేమెర్క? గుండె పగిలిపోతదట గన్నిసార్లు కొట్టుకుంటె. రేపు ఏమన్నయితె గీ ఇద్దరు పోరగాండ్లను నువ్వు సాదుతవా, మీ సార్ సాదుతడా?"

ఆమె కోపం అన్యాయమైనది కాదు. మంజుల గడపలో నిలబడి కొంగు వేలికి చుట్టుకుంటోంది.

"వదినె, ఒక్క మాటిను. నీ కండ్ల ముందే, గీ వాకిట్లనే చూద్దాం. జర ఎక్కువైతె నేనే ఆపుత. నా చెయ్యి దాని మెడ మీదనే ఉంటది."

సత్తెమ్మ చాట కింద పెట్టింది. "మెల్లగ. గట్టిగ ఎగిరిపిచ్చినవంటె సూడు మల్ల."

లోపల గదిలో పట్టీ కట్టాను. మంజుల ఇంటి చీర జాకెట్టుతోనే వాకిట్లోకి వచ్చి, ఉన్నచోటే మెల్లగా పరుగు మొదలుపెట్టింది. ఫోన్ సత్తెమ్మ చేతిలో పెట్టాను. నూట పది, నూట ఇరవై. ఉన్నట్టుండి రెండు వందల పదకొండు.

"ఆగు! ఆగవే పిల్లా!" సత్తెమ్మ కేక వేసింది.

నా వేళ్ల కింద మాత్రం గుండె నెమ్మదిగానే ఉంది. పదిహేను సెకన్లకు ముప్పై మూడు, అంటే నూట ముప్పై రెండు. మళ్లీ పెట్టాను. మళ్లీ ముప్పై మూడే.

సత్తెమ్మ ఫోన్ వదిలేసి కోడలి దగ్గరికి వచ్చింది. మెడలో చూసి గయ్యిమంది. "ఏందే ఇది? పుస్తెలు తీస్కపోయి గా చెమట పట్టీ కింద నలుపుతున్నవ్! జర బయటికి తియ్యి, బుద్ధున్నదా?"

పుస్తెలతాడు జాకెట్టు లోపల పొడుగ్గా దిగి ఉంది. రెండు బంగారు పుస్తెలూ పట్టీ కిందికి జారి, ఒంటికీ మిషన్‌కూ మధ్య ఇరుక్కున్నాయి. మంజుల వాటిని పైకి లాగింది. ఎగిరేది ఆపలేదు. ఫోన్‌లో అంకె నూట ముప్పై నాలుగుకు పడిపోయింది.

నేను పుస్తెలను మళ్లీ పట్టీ కిందికి పెట్టమన్నాను. నాలుగు ఎగురుళ్లకు రెండు వందలు దాటింది. తీయమన్నాను. నూట ముప్పై. అంకె ఎగిరింది ఆమె గుండె వల్ల కాదు. ఒంటి మీద కదిలే లోహం మిషన్‌ను తికమక పెట్టింది. మా సెంటర్‌లో మిగతా ఆడవాళ్లంతా పెళ్లి కానివాళ్లే, అందుకే ఎవరికీ ఇది తట్టలేదు. సార్‌కు తెలిసే దారే లేదు, జాకెట్టు లోపల ఏముందో ఆయన చూడరు. చూడాల్సింది నేను. పట్టీ కట్టింది నేనే.

"అయితె పుస్తెలు తీసి ఇంట్ల పెట్టి పోనా అత్తమ్మా?" అని మంజుల మెల్లగా అడిగింది.

"తీసుడెందుకే? ఎనకకేసి పిన్నీసు పెట్టు. మొగుడెటూ పోడు, పుస్తెలెటూ పోవు."

మంజుల కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. సత్తెమ్మే పిన్నీసు తెచ్చి పెట్టింది. మర్నాడు కోడలితో పాటు మైదానానికి కూడా వచ్చి, ఈ సంగతంతా సార్‌కు చేతులు తిప్పుతూ తానే చెప్పింది. సార్ నా రిజిస్టర్ తీసుకుని, రెండు వందల ఇరవై ఆరు కొట్టేసి, పక్కన నూట అరవై ఎనిమిది రాశారు. "ఆ రోజు తప్పింది నీ లెక్క కాదక్కా. నేనే ఇనలేదు" అన్నారు అందరి ముందు.

లెక్క సరిగ్గా వచ్చాక అసలు లోపం కనబడింది. మంజుల భయంతో పరిగెత్తేది. మొదటి రెండు వందల మీటర్లలోనే గుండె నూట డెబ్బైకి పోయేది, రెండో చుట్టులో కాళ్లు ఆగిపోయేవి. సార్ ఆమెకు మూడు వారాలు ఒకటే కట్టడి పెట్టారు. నూట నలభై ఐదు దాటకూడదు. దాటితే నడవాలి, దిగితే మళ్లీ పరిగెత్తాలి. వినడానికి తేలిక. చేయడానికి పెద్ద అవమానం. నూట నలభై ఐదు అంటే ఆమెకు అప్పట్లో నడకకు కాస్త ఎక్కువ. అబ్బాయిలు పక్క నుంచి దూసుకుపోతూ, "అక్కా, నిమ్మళంగ రా, పెండ్లి భోజనాలు సాయంత్రం దాక ఉంటయి!" అనేవారు.

"పెద్దమ్మా, పరువు పోతాంది. ఒక్క చుట్టు గట్టిగ ఉరుకుత."

"నూట నలభై ఎనిమిదున్నది. నడువ్."

"ఒక్కటే చుట్టు!"

"నడువన్న. పరువు సంగతి పరీక్ష నాడు సూద్దాం."

మూడు వారాల తర్వాత అదే నూట నలభై ఐదులో ఆమె అబ్బాయిల వెనుక వరుసను అందుకుంది. గుండె అంతే కొట్టుకుంటోంది, కాళ్లు మాత్రం ముందుకు పోతున్నాయి. ఆ తర్వాతే వారానికి రెండు రోజులు గట్టి పరుగు పెట్టించాం. పిల్లలకు జ్వరం వచ్చి నిద్రలేని రోజుల్లో పొద్దున లెక్క పది పెరిగేది. ఆ రోజుల్లో నేనే ఇంటికి పంపేదాన్ని. సార్‌ను అడిగేదాన్ని కాదు. అడగమని ఆయనా అనలేదు.

పరీక్ష చలికాలంలో జరిగింది. అక్కడ పట్టీ లేదు, ఫోన్ లేదు, నేనూ లేను. లోపలికి రానివ్వరు. గేటు బయట సత్తెమ్మ, నేను రోడ్డు పక్కన కూర్చున్నాం. మంజుల బయటికి వచ్చినప్పుడు ఏడుస్తుందో నవ్వుతుందో అర్థం కాలేదు. "ఐదు నిమిషాల రెండు సెకన్లు పెద్దమ్మా. మొదటి చుట్టుల అందరు నన్ను దాటిపోయిన్రు. పోనిచ్చిన. నా గుండె నాకు ఇనబడుతాంది, నూట అరవైల ఉన్న అనుకున్న. రెండో చుట్టుల ఒక్కొక్కలను పట్టుకున్న." సత్తెమ్మ కోడలి తల నిమిరి, నా వైపు తిరిగి, "గా పుస్తెల సంగతి కనిపెట్టింది నేనే, యాదుంచుకో వదినె" అన్నది.

ఆఖరు రాతపరీక్ష కూడా దాటి మంజుల ఇప్పుడు కానిస్టేబుల్. ఆడవాళ్ల బ్యాచ్ ఇప్పుడు పూర్తిగా నా చేతిలో ఉంది. ఎవరు ఎప్పుడు పరిగెత్తాలో, ఎవరు ఆగాలో నేనే చెబుతాను.

చదువు ఆలస్యంగా నేర్చుకున్నవాళ్లకు ఒక అలవాటు ఉంటుంది. రెండు లెక్కలు కలవకపోతే తప్పు మనదే అనుకుంటాం. ఆ అలవాటు వల్లే మంజులకు ఎనిమిది రోజులు పోయాయి, ఇంకొంచెం అయితే ఉద్యోగమే పోయేది. ఇప్పుడు ఫోన్‌కూ నా వేళ్లకూ తేడా వస్తే తల వంచను. మళ్లీ లెక్కపెడతాను. మళ్లీ అదే వస్తే, నాకొచ్చిన అంకె రిజిస్టర్‌లో రాసి కింద సంతకం పెడతాను.