నాలుగు నిమిషాల ఆర్డరు

కాలిఫోర్నియా ఎడారి అంచున ఉన్న ఆ అమెరికా వైమానిక స్థావరంలో నేను దిగింది ఒక జనవరిలో. డెబ్బైల చివరి మాట. పగలు పలచటి ఎండ, పొద్దు వాలితే ఎముకలు కొరికే చలి. ఉన్ని లోదుస్తులు, పారాచూట్, ఆక్సిజన్ మాస్క్ ఇచ్చారు. గుంటూరు నుంచి చిన్నప్పుడే అమ్మానాన్నలతో వచ్చిన నన్ను అక్కడ అందరూ గన్నర్ అనే పిలిచేవారు. నా చోటు బాంబర్ తోక చివర. మిగతా అయిదుగురూ ముందు భాగంలో ఉంటే, నేనొక్కణ్ణే నాలుగు తుపాకులతో వెనక్కి తిరిగి కూర్చునేవాణ్ణి.

యుద్ధం లేదు. దానికి రిహార్సల్ మాత్రం తరచూ ఉండేది. దూరం వెళ్లగల ఫైటర్లు రెక్కల కింద అదనపు ఇంధన ట్యాంకులు తగిలించుకుని, లక్ష్యం దాకా మాకు కాపలా రావాలి.

ఫిబ్రవరిలో ఒకరోజు నెవాడా కొండల మీద మంచు తుఫాను పట్టింది. ఎగరక్కర్లేదనుకున్నాం. కానీ వాషింగ్టన్ నుంచి పెద్దమనుషులు చూడ్డానికొచ్చారు. స్థావరం నడిపే కల్నల్ ఎగరమన్నాడు. కాపలాకి రావలసిన రెండు ఫైటర్లలో ఒకటి ఇంజిన్ మొరాయించి నేల మీదే ఉండిపోయింది. రెండోది మాతో వచ్చింది గానీ, గాల్లో ఇంధనం నింపే విమానం మబ్బుల్లో దాన్ని కలుసుకోలేకపోయింది.

రేడియోలో ఫైటర్ పైలట్ గొంతు వినిపించింది. "ఇంధనం తక్కువుంది. ఇప్పుడు తిరిగితేనే బేస్ చేరతాను."

నేల మీంచి కల్నల్: "ఇంకో నాలుగు నిమిషాలు. బాంబర్‌ని వదలొద్దు."

మా కెప్టెన్ కల్పించుకున్నాడు. "సర్, మాకు కాపలా అక్కర్లేదు. ఇది ఎక్సర్‌సైజ్. అతన్ని పంపించేయండి."

"నిన్నడగలేదు."

పైలట్ మళ్లీ అడిగాడు. మూడోసారీ అడిగాడు. అదే జవాబు. గడువు తీరాక, "గన్నర్, నేను మళ్లుతున్నా. నీ వెనక నువ్వే చూసుకో" అని కింది మబ్బులోకి దిగి వెళ్లాడు.

కొండల మీద ఇంజిన్ ఆగింది. పారాచూట్‌తో దూకాడు. తుఫాను తగ్గి హెలికాప్టర్ వెళ్లేసరికి చలికి బిగుసుకుపోయి ఉన్నాడు.

సంస్మరణ సభలో అతని భార్య ముందు వరసలో కూర్చుంది. కల్నల్ ఆవిడ ఎదుటే అన్నాడు: "మంచి పైలట్. ఇంధనం లెక్క తప్పాడు."

నేను లేచాను. "అతను మూడుసార్లు అడిగాడు సర్. మూడుసార్లూ మీరే వద్దన్నారు."

కెప్టెన్ నా చెయ్యి పట్టి లాగాడు. గాల్లో అంత గట్టిగా మాట్లాడినవాడు, బూట్ల వంక చూస్తూ, "కూర్చో, ప్లీజ్" అన్నాడు. కూర్చోలేదు.

ఆవిడ వెనక్కి తిరిగింది. "మూడుసార్లా?"

"అవును మేడమ్."

మర్నాటి నుంచి నన్ను విమానం ఎక్కనివ్వలేదు. నా సర్వీసు గడువు పూర్తయ్యేదాకా గోడౌన్‌లో టైర్లు దొర్లించాను. కల్నల్‌కి ప్రమోషన్ వచ్చింది.

ఇంటికి, అరోరాకి వచ్చాక ఒక ఆదివారం తెలుగు ప్రార్థన కూడికలో ఒక అంకుల్ కాఫీ కలుపుకుంటూ అడిగాడు. "అప్పుడు వార్ ఏం లేదు కదా బాబూ? బాగా ఎంజాయ్ చేసుంటావులే."

"ఒక మనిషి పోయాడు అంకుల్."

"అయ్యో. యాక్సిడెంటా?"

"కాదు. ఆర్డర్."

ఆయన మా నాన్న వైపు తిరిగి ఇళ్ల ధరల గురించి మొదలుపెట్టాడు. నేను కప్పు బల్ల మీద పెట్టి బయటికి నడిచాను.

ఆ కోపం ఇప్పటికీ చల్లారలేదు. ఆ పైలట్ మొహం నేనెన్నడూ చూడలేదు, కాబట్టి గుర్తుకు రాదు. వచ్చేది ఒకటే. మా కింద పరుచుకున్న తెల్లటి మబ్బు. అందులో అతను దూరిన చోట నల్లటి కంత. నేను చూస్తుండగానే, మెల్లగా, అది పూడుకుపోవడం.