పొడి చెయ్యి

ఎనిమిదేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. అలసిపోయాను. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

గద్వాలలో ఇళ్లకు కరెంటు పని చేస్తాను. గోడలోని స్విచ్ పెట్టెలో జానెడు వైరు మిగల్చమని పని నేర్పిన ఉస్తాద్ నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పేవాడు. మిగిలితే స్క్రూ కింద గట్టిగా పట్టుకుంటుంది, లాగినా ఊడదు. కానీ మిగిలిన వైరును మడిచి లోపలికి కుక్కాలి, మూత ఓ పట్టాన కూర్చోదు. నాకంత ఓపికేది? పొట్టిగా కత్తిరించేవాణ్ణి. మూత చక్కగా కూర్చునేది, జనం పనిమంతుడనేవారు. పనిమంతుడు పందిరి వేస్తే కుక్కతోక తగిలి కూలిందట. అలాంటి పనితనం నాది.

పట్టుచీరలు నేసే ఒక అక్క ఇంట్లో, మగ్గం పక్కన బోర్డు బిగించాను. ఇనుప పెట్టె. వైరు రెండు వేళ్ల పొడవు కూడా లేదు, స్క్రూ దగ్గర లాగిపట్టినట్టు ఉంది. చూశాను. చూసి కూడా మూత పెట్టేశాను.

ఏడాది తిరగకముందే కబురొచ్చింది. అక్క నేస్తూ నేస్తూ లేచి ఫ్యాన్ స్విచ్ వేయబోతే షాక్ కొట్టి మగ్గం అంచు మీద పడింది. కుడి మణికట్టు విరిగింది. దవాఖాన నుంచి ఆమె వచ్చాక వెళ్లాను. మెయిన్ ఆపి మూత విప్పితే, ఊడిన వైరు ఇనుప పెట్టెకు ఆనుకుని ఉంది. వీపు అడ్డం పెట్టి, వైరుకు కొత్త ముక్క అతికించి, ఈసారి జానెడు వదిలి మూసేశాను.

"ఏమైంది భాయ్?" అని అడిగింది, కట్టు కట్టిన చెయ్యి ఒళ్లో పెట్టుకుని.

"తడి చేత్తో ముట్టినవా అక్కా?"

"ఏమో భాయ్, యాదికి లేదు. ముట్టిననేమో. నాదే తప్పు గావచ్చు."

"జర పైలంగ ఉండాలె గద!"

ఆ మాట కూడా అన్నాను. ఎందుకన్నాను? పేరు పోతుందన్న భయంతోనా, లేక తప్పు ఒకసారి ఆమె మీదికి జారాక దాన్ని అక్కడే ఉండనివ్వాలనిపించిందా? సిగ్గు లేని నోరు.

చెయ్యి వంకరగా అతుక్కుంది. ఆమె మగ్గం మీద ఇప్పుడు మరిది నేస్తాడు. జరీ అంచులు నేసిన చేతులతో ఆమె ఇప్పుడు పక్కన కూర్చుని అతనికి దారం కండెలు చుడుతుంది. నేను ఇప్పుడు ప్రతి ఇంట్లో జానెడు వైరు వదులుతున్నాను. దానికి ఆమె చెయ్యి బాగవుతుందా?

మొన్న మళ్లీ పిలిస్తే వెళ్లాను. స్విచ్ వేసే ముందు ఆమె కొంగుతో చెయ్యి తుడుచుకుంది. మూడుసార్లు. "తడి చేత్తో ముట్టి నా చెయ్యి పోగొట్టుకున్న, నువ్వన్నా పైలం బిడ్డా" అని కోడలికి చెబుతోంది. నేను తల ఎత్తలేదు.

పట్టు మీద నీటిచుక్క పడితే మరక. తడి చేత్తో మగ్గం ముందు ఎవరు కూర్చుంటారు? అది ఆమెకూ తెలుసు. అయినా తన చేతిని నమ్మక నా మాట నమ్మింది.

ఆమెకు ఇంకా చెప్పలేదు. క్షమించమని మిమ్మల్నీ అడగను. ఒక్కసారి నిజం రాయనివ్వండి చాలు. ఆ రోజు అక్క చెయ్యి పొడిగానే ఉంది.