పిసినారి రోజు కొలత

మా గేతాన్ అత్త ఆరో తరగతిలోనే బడి మానేసింది. కాలేజీ మానేసిన నాకు ఆ మాట చెప్పుకోవడం ఇష్టం. మా బోస్ ప్రాంతంలో మేపుల్ చెట్ల నుంచి కారే తియ్యటి నీటిని కాచి పాకం తీసేవాళ్ళు, కాచే పాక ఎంత పెద్దదో చూసి పెనం కొంటారు. పక్క తోటాయన లోమేర్ మూడడుగుల వెడల్పు, పదడుగుల పొడవున్నది తెచ్చాడని మా నాన్నా అదే కావాలన్నాడు.

"రెండు బై ఆరు చాలురా, రోజేర్," అంది అత్త.

"అది పెనమా, పిల్లల తొట్టా? లోమేర్ నవ్వుతాడక్కా."

"నవ్వనీ. మనవి రెండొందల చెట్లు. ధారగా కారే రోజుని కాదు, అవి పిసినారితనం చేసే రోజుని చూసి కొనాలి. పెనం మాడిందంటే ఈ ఏడు పాకం లేనట్టే."

నాన్న గొణుక్కుంటూ చిన్నదే కొన్నాడు. ఆ మార్చిలో చలి వదలక చెట్లు సరిగా కారలేదు. లోమేర్ పెనంలో నీరు పల్చగా పరుచుకుని అడుగంటి మాడిపోయింది. మా పెనంలో రెండంగుళాల లోతున ఉడికి తేనెరంగు పాకం దిగింది. అంత గర్వంగా నేనెప్పుడూ పొయ్యిలోకి కట్టెలు ఎగదోయలేదు.

తన పెనం మాడిన రోజు మధ్యాహ్నం లోమేర్ టేపు పట్టుకొచ్చి మా పెనం కొలవబోయాడు. అత్త టేపు లాక్కుంది.

"దీన్నెందుకు కొలుస్తావు? వెళ్ళి నీ చెట్లు లెక్కపెట్టుకో."