నాకు పడని గదులు

అక్కని విశాఖపట్నంలో ఆస్పత్రిలో చేర్చి వైద్యం మొదలుపెట్టారని కబురు రాగానే ఎలమంచిలిలో రైలెక్కాను. కొన్ని వారాలు ఆమె పక్కన ఉండాలి. ఉండగలనా అన్నదే నా భయం. దగ్గర్లో సెల్ టవరున్నా, ఇంట్లో వైఫై పెట్టినా నాకు తల బిగదీసినట్టుంటుంది, చెవుల్లో హోరు, కంటి మీద కునుకుండదు. పరీక్షలన్నీ చేయించాను. ఏమీ లేదన్నారు డాక్టర్లు. ఏమీ లేనిదానికి ఇంత నొప్పెందుకో వాళ్లూ చెప్పలేదు, నాకూ అర్థం కాలేదు.

గాజువాకలో అక్కా బావా ఉండే ఫ్లాటుంది. దాని ఎదురు మేడ మీదే టవరు. బావది స్టీలుప్లాంటు ఉద్యోగం, పగలంతా పెద్ద పెద్ద యంత్రాల మధ్యే ఉంటాడు. మా మరదలికి కరెంటు స్తంభం కూడా దెయ్యంలా కనబడుతుందని పక్కింటాయనతో అంటుంటే విన్నాను. ఒళ్లు మండింది. బ్యాగు తీసుకుని బయటపడ్డాను.

ఆస్పత్రి చుట్టుపక్కల లాడ్జీలన్నీ తిరిగాను. వైఫై లేని గది కావాలంటే కౌంటరు దగ్గరాయన నన్ను ఎగాదిగా చూశాడు. అది ఉందా అని అడిగేవాళ్లే గాని వద్దనే మనిషిని ఇప్పుడే చూస్తున్నానన్నాడు.

చివరికి వన్ టౌన్‌లో ఓ ముస్లిముల ఇంట్లో వెనక గది దొరికింది. పాతకాలపు ఇల్లు, లావుపాటి గోడలు. ఇంటావిడ, ఆవిడ భర్త, కోడలు, ఏడాది నిండని మనవరాలు. నా బాధ ఎవరికి చెప్పినా నవ్వుతున్నారని, ఆవిడకి పొడిపొడిగా చెప్పాను: అక్క ఆస్పత్రిలో ఉందని, ఫోన్లూ కరెంటు సామానూ నాకు పడవని. ఆవిడ నవ్వలేదు. సరేనంది.

రోజూ చీకటి పడుతూనే కరెంటు పోయేది. ఈ పేటలో ఇంకా కోతలున్నాయన్నమాట అనుకుని లోలోపల సంతోషించాను. ఒళ్లెరగకుండా నిద్రపోయేదాన్ని. నీ మొహం తేటపడిందే అంది అక్క. అయితే ఒకటి మాత్రం అంతుపట్టలేదు. అక్క మంచం చుట్టూ కూతలు పెట్టే మిషన్లు, వచ్చినవాళ్లందరి చేతుల్లో ఫోన్లు, గంటల తరబడి అక్కడే కూర్చున్నా నాకు తలనొప్పి వచ్చేది కాదు. ఆలోచిస్తే బుర్ర వేడెక్కేది. వదిలేశాను.

ఓ సాయంత్రం అక్కకి వాంతులు తగ్గక ఆలస్యంగా బయలుదేరాను. వీధి మలుపు తిరిగేసరికి అన్ని ఇళ్లలోనూ లైట్లు వెలుగుతున్నాయి. ఎదురింట్లో టీవీ మోగుతోంది. మా ఇల్లొక్కటే చీకటి.

లోపల ఇంటావిడ నేల మీద కూర్చుని మనవరాలికి విసనకర్రతో విసురుతోంది. పిల్ల ఏడుస్తోంది. కొవ్వొత్తి వెలుగులో దాని వీపు చూశాను. మెడ నుంచి నడుం దాకా చెమటకాయలు, ఎర్రగా.

మనింట్లోనే కరెంటెందుకు లేదని అడిగాను.

"మీకు కరెంటు పడదన్నారు కదమ్మా. మెయిను తీసేత్తన్నాం," అంది.

"రోజూనా?"

"సుట్టం ఇంట్లో ఉంటే మన సుఖం సూసుకుంటామేటి? మీరెల్లిపోతే పగలు మీ అక్కకెవలున్నారు?"

సిగ్గుతో చచ్చిపోయాను. ఆవిడ మీద కోపం కూడా వచ్చింది, ఎందుకో తెలీదు. వెళ్లిపోదామంటే, బావ డ్యూటీకెళ్లాక అక్క ఒంటరిదవుతుంది. ఉంటే ఈ పిల్ల. గుమ్మం దగ్గరికెళ్లి మెయిను నేనే వేశాను.

ఫాను తిరిగింది. కాసేపటికి పిల్ల ఏడుపు ఆపింది. గోడ మీద వైఫై డబ్బా పచ్చగా మిణుకుతోంది. అదక్కడ ఉందని నాకు అంతవరకూ తెలీదు. వెళ్లి దాని కిందే కూర్చున్నాను.

ఇంటావిడ నా మొహంలోకే చూస్తోంది. "తల నొప్పెడితే సెప్పమ్మా, తీసేత్తాను," అంటూ లేవబోయింది.

"లేదు," అన్నాను.

నిజంగానే లేదో, ఉన్నా ఒప్పుకోలేకపోయానో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను. అక్క ఇంటికెళ్లేదాకా ఆవిడ రోజూ అడిగేది, నేను రోజూ లేదనేదాన్ని.